సిరుగుప్ప బస్సుకూ ఎమ్మిగనూరు బస్సుకూ నడుమ

మీ పిల్లకు పాఠం చెప్పబోయే మనిషిని పరిచయం చేస్తే, మీరు మొదట అడిగేదేమిటి? డిగ్రీయా, కులమా? రెండూ తప్పేనని ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను. మూడో ప్రశ్న ఒకటి ఉందని మాత్రం, మొన్న మే నెలలో ఆదోని బస్టాండులో ఒక కూలి మనిషి అడిగేదాకా నాకు తోచలేదు.

నేను వెళ్లిన పని ఇదీ. మా విజ్ఞాన సంఘం తరఫున ఎమ్మిగనూరు ఉన్నత పాఠశాలలో వేసవి సెలవుల్లో పదిహేను రోజుల విజ్ఞాన తరగతులు పెట్టాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏరిన పన్నెండుమంది పిల్లలు అక్కడే ఉండి నేర్చుకోవాలి. నేర్పేవాళ్లు ముగ్గురు: ఆదోనిలో కళ్లద్దాలు చేసే ఖాదర్ సాబ్, ఎమ్మిగనూరు నేతగాడు నాగప్ప, అక్కడి ఆస్పత్రి నర్సు సుశీలమ్మ. మొదటిరోజు సభలో వాళ్లను పరిచయం చేయడం నా వంతు. మూఢనమ్మకాల మీద నాలుగు మాటలు కలిపి రెండు పుటల ఉపన్యాసం రాసుకున్నాను.

ఉదయం ఆరుంబావుకు గుంతకల్లులో ప్యాసింజరెక్కాను. ఎదురుగా ఒక పెద్దావిడ, ఒళ్లో కొబ్బరికాయల సంచి. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కు తీర్చడానికి పోతోంది. నేను కాగితం చూసుకుంటూ పెదవులు కదిలిస్తుంటే అడిగింది.

"ఏం మంత్రమప్పా అది?"

"మంత్రం కాదమ్మా. మంత్రాలు లేవని చెప్పే ఉపన్యాసం."

"లేనిదాన్ని లేదని సెప్పనీకి ఇంత పొద్దున్నే లేసినావా?"

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఏడున్నరకు ఆదోని. స్టేషను బయట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. అటు వెళ్లేవారు వదలొద్దు. బజ్జి మాత్రం బాండ్లిలోంచి తీసిందే అడగండి. ఖాదర్ సాబ్ చంకలో చెక్కపెట్టెతో అక్కడికే వచ్చాడు. పెట్టెలో పాత గుడ్డల మధ్య భూతద్దాలు, కళ్లద్దాల బిళ్లలు.

"నా గురించి ఏం సెప్తారు సార్?"

"చదివింది నాలుగో తరగతి, అయినా ఏ ప్రొఫెసరుకూ తీసిపోడు, అని."

"ఆ 'అయినా' తీసేయండి సార్. గుచ్చుకుంటాది."

కలం తీసి కొట్టేశాను.

ఎనిమిదిన్నరకు బస్టాండు. సిరుగుప్ప బస్సు దగ్గర కోసిగి వైపు మనుషులు మూటలతో, కొడవళ్లతో నిలబడి ఉన్నారు. ఊళ్లో పనుల్లేక తుంగభద్ర కాలువ కింద వరికోతలకు పోతున్నారు. ఇలా వలసపోవడాన్ని ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. సుగ్గి అంటే పంట చేతికొచ్చే సంబరం. ఆ పంట వీళ్లది కాదు, అంతే.

గుంపుకు కాస్త ఎడంగా ఒక మనిషి, పక్కన పదమూడేళ్ల పిల్ల. ఆ పిల్ల చేతిలో ఉన్న తరగతుల పిలుపు కార్డు మీద నా దస్తూరీ! మా పన్నెండుమందిలో ఒకే ఒక ఆడపిల్ల, నరసమ్మ. తండ్రి పేరు ఈరన్న. సుగ్గికి తోలుకుపోవాలా, తరగతులకు పంపాలా అని తేలక, రెండు బస్సుల నడుమ నిలబడ్డాడు. నేనెవరో చెప్పగానే సూటిగా అడిగాడు.

"ఆడ సెప్పేటోళ్లు ఎట్లాటోళ్లప్పా?"

నాకు ఒళ్లు మండింది. "కులమా నీకు కావలసింది?" అని మొదలుపెట్టాను. విజ్ఞానానికి కులం లేదన్నాను, కటకానికి మతం లేదన్నాను, ఈ ప్రశ్నే మనల్ని ముంచిందన్నాను. జనం చుట్టూ మూగారు. ఈరన్న నేను ఆగేదాకా ఓపిగ్గా మెడ తుడుచుకున్నాడు.

"నేను కులం అడగలేదు సామీ. పిల్లకు నడిరేయి జరమొస్తే లేసి సూసేటోళ్లా, కాదా అనడిగినా. ఇది యాడ పండుకుంటాది?"

తరగతుల ఏర్పాట్ల కాగితం తీసి తిరగేశాను. పాఠాలున్నాయి, గంటలున్నాయి. పిల్లలకు పడక తరగతి గదిలో అని ఉంది. పదకొండుమంది మగపిల్లల మధ్య ఈ పిల్ల ఎక్కడ పడుకుంటుందో లేదు. ఆ కాగితం రాసింది నేనే.

"తెలియదు," అన్నాను.

"తెల్దంట!" అన్నాడు గుంపులో ఒకడు. "అన్నీ తెలిసినాయనకి!"

"ఈరన్నా, ఎక్కుతావా లేదా? బండి పోతాది!" ఇంకొకడు కిటికీలోంచి కేకేశాడు. ఈరన్న మూట భుజానికెత్తాడు. నరసమ్మ కార్డును నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో మూసింది.

అప్పుడు ఖాదర్ సాబ్ అడ్డం వచ్చాడు. "అరె భాయ్, వాళ్లను పోనీ. సాయంత్రం సిరుగుప్పకు ఇంకో బస్సుండాది. వచ్చి నీ కండ్లతో సూడు. నచ్చకపోతే ఇద్దర్నీ నేనే ఎక్కిస్తా."

"పూట కూలి పోతాదే సాబూ."

"పోతాది," అన్నాడు ఖాదర్ సాబ్, దాచకుండా.

ఈరన్న కూతురి గుప్పిట వంక చూశాడు. మూట దించాడు.

తొమ్మిదింటికి మా బస్సు కదిలింది. ఖాదర్ సాబ్ చెక్కపెట్టెను నరసమ్మ ఒళ్లో పెట్టి, "పగిలితే పాఠాల్లేవు," అన్నాడు. ఊరు దాటకముందే ఆ పిల్ల భూతద్దం తీసి తండ్రి భుజం మీది తువాలుకు పట్టింది.

"నాయినా, నీ తువాలు సేపల వల మాదిరుండాది! అన్నీ బొక్కలే!"

"అందుకేనేమోమ్మా, దీంట్లో కట్టిన దుడ్లు నిలబడవు."

పదింబావుకు ఎమ్మిగనూరు, పదకొండుకు సభ. వేదిక మీద ఉపన్యాసం కాగితం జేబులోంచి తీయలేదు. "ఈ ముగ్గురి సంగతి నాకు సగమే తెలుసు. మిగతా సగం అడగవలసినవాడు చివరి బెంచీలో ఉన్నాడు," అని కూర్చున్నాను. ఈరన్న సిగ్గుపడుతూ లేచి, బస్టాండులో అడిగిందే అడిగాడు.

నాగప్ప ముందు లేచాడు. "అంగుళం గుడ్డలో పోగులెన్నో ఎంచేది నేర్పుతా. సద్ది, సంగటి మా ఇంట్లోంచే వస్తాది. కారం ఎక్కువ, ముందే సెప్తాండా."

సుశీలమ్మ తర్వాత లేచింది. "ఆస్పత్రి వెనక నాకు రెండు గదులుండాయి. పిల్ల నా పక్కనే పండుకుంటాది. జరమెందుకొస్తాదో పాఠం సెప్తా. వస్తే లేసి సూస్తా."

"మీది మొద్దునిద్ర కాదు గదా అమ్మా?" అన్నాడు ఈరన్న.

"ఇరవై ఏండ్లు కాన్పులు సేసినదానికి నిద్ర యాడిదప్పా?"

సభ గొల్లుమంది. ఈరన్న మాత్రం నవ్వలేదు. పోయి ఆ గదులు చూశాడు. తలుపు మూసి, గడియ వేసి, రెండుసార్లు గట్టిగా లాగాడు. కడవలో నీళ్లు చూశాడు. బయటికొచ్చి, "గడియ గట్టిగుండాది," అన్నాడు. ఒప్పుకున్నట్టే.

నాగప్ప ఇంట్లో జొన్నరొట్టె తిని మూడింటి బస్సుకు బయల్దేరాం, ఈరన్నా నేనూ. బడి గేటు దగ్గర నరసమ్మ ఏడవలేదు. చీమను భూతద్దం కింద పట్టుకుని ఉంది. "పో నాయినా, బస్సు పోతాది," అంది తలెత్తకుండా. ఈరన్న ఎమ్మిగనూరు దాటేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

ఆదోనిలో సిరుగుప్ప బస్సెక్కించాను. నేను కిటికీ కింద ఉండగానే పక్కవాడితో మొదలుపెట్టాడు. "మా పాప ఆడ సదువుకుంటాండాది. సెప్పేటోళ్లు ముగ్గురుండారు. ఒకాయన గాజుముక్కతో సిన్నదాన్ని పెద్దది సేస్తాడు. ఒకాయన పోగులెంచుతాడు. ఒకామె రేత్రి లేస్తాది."

నా రెండు పుటలకంటే ఆ పరిచయమే నిండైనది.

ఆరున్నర రైల్లో గుంతకల్లుకు తిరిగొస్తూ లెక్క వేసుకున్నాను, ఎన్ని ఊళ్లలో ఎంతమంది ఆడపిల్లల చదువు ఒక గడియ దగ్గర ఆగిపోయిందో. మూఢనమ్మకం వల్ల అని మనం తీర్పు చెప్పి ఇంటికొచ్చాం. ఆ తండ్రులు అడిగినదానికి మన దగ్గర జవాబు లేకపోయింది, అసలు సంగతి అది. జవాబు ఉంటే వాళ్లు ఒప్పుకుంటారు, ఈరన్న ఒప్పుకున్నాడు.

సుశీలమ్మ రెండో గది ఇంకా ఖాళీగా ఉంది. వచ్చే వేసవికి ఇంకెంతోమంది ఆడపిల్లలు రావాలి, ఆ ఒక్క గది చాలదు. కనుక ఇది చదివి మెచ్చుకోకండి. మీ ఇంట్లో ఒక గదికి గట్టి గడియ బిగించండి. రాత్రి లేచి చూస్తానని మాటివ్వండి. ఆ మాట తీసుకొని బస్టాండుకు పోయి, సిరుగుప్ప బస్సు కదలకముందే ఒక తండ్రితో చెప్పండి.