కురుమూర్తి ఇంటి కరెంటు

గద్వాలలో కూలి గిట్టక మగ్గం వదిలేసినవాళ్లు చాలామందే ఉన్నారు. నామోషీతో వదిలేసినవాడు మాత్రం కురుమూర్తి ఒక్కడే. కర్నూలులో కంప్యూటరు నేర్చుకుని డొక్కుది ఒకటి మోసుకొచ్చాక, అతని కాళ్లు మళ్లీ మగ్గం గుంటలోకి దిగలేదు. ఇల్లు గడవాలి కనుక భార్య లలితమ్మ నేస్తోంది. ఆయనగారు ముందుగదిలో ప్రోగ్రాం రాస్తున్నాడు.

ఇంట్లో ఉన్న కరెంటు తీగల మీదుగానే సంకేతం పంపి, ఏ గదిలో బల్బునైనా కుర్చీలోంచే ఆర్పడం ఆ ప్రోగ్రాం పని. బల్బు దగ్గరున్న చిన్న డబ్బా ఆ సంకేతాన్ని అందుకోవాలి. తీగలో కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగి లేస్తుంది; ఆ రెప్పపాటులోనే సంకేతం పడాలి, లేదంటే దండగే. ఆ రెప్పపాటును పట్టడానికి ఏడాది తగలేశాడు. లేచి నాలుగడుగులు వేసి స్విచ్చు నొక్కలేనివాడి కష్టం పగవాడికి కూడా రావద్దు!

చీరల సావుకారు కృష్ణయ్య కొత్త ఇల్లు కడుతున్నాడు. "నచ్చితే నా ఇంటికి పెట్టిస్త" అన్నాడు. ఆ పని దొరక్కపోతే కురుమూర్తికి మళ్లీ మగ్గమే గతి. అయినా ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వనపర్తి దాకా ఇళ్లన్నిటి పనీ తనదేనని సాయంత్రాలు టీ హోటల్లో కోతలు కోశాడు.

పొద్దుగూకే వేళ సావుకారు వచ్చాడు.

"జర సూడుండ్రి, మగ్గం గదిల లైటు బందు జేస్త" అని కురుమూర్తి కంప్యూటరు మీట నొక్కాడు. బల్బు వెలుగుతూనే ఉంది. మళ్లీ నొక్కాడు. పట్టపగలు ఎన్నిసార్లు నొక్కినా బుద్ధిగా ఆరిన బల్బే అది.

"ఈ ఊరి కరెంటే గిట్లుంటది" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

లలితమ్మ టీ తెచ్చింది. "బల్బు మసకమసకగ ఉండె. సావుకారు వస్తుండని నేనే ఫేజు మార్చిన. దినాం మారుస్త గద?"

మామ పిండిగిర్ని నడిపిన రోజుల్లో తీసుకున్న మూడు ఫేజుల కనెక్షన్ అది. సాయంత్రం వోల్టేజి పడిపోగానే ఆమె మగ్గం గదిని వేరే ఫేజుకు మారుస్తుంది. కంప్యూటరు ఒక ఫేజు మీద, బల్బు ఇంకో ఫేజు మీద ఉంటే సంకేతం దాటదు. ఆ వేళకు అయ్యగారు ఏనాడైనా ఇంట్లో ఉంటే కదా తెలియడానికి!

"నిన్నెవరు ముట్టమన్నరు?" అని కురుమూర్తి సావుకారు ఎదుటే భార్యను కసిరాడు.

కృష్ణయ్య కప్పు కింద పెట్టాడు. "ఆమె ముట్టకుంటే నా చీరలెట్ల నేస్తది? నీ ఇంట్ల దీపం సంగతే నీకు తెల్వదు, నా ఇంటికేం పెడ్తవు?" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

లలితమ్మ పోయి మగ్గంలో కూర్చుని నేయసాగింది. కురుమూర్తి విసురుగా ఫేజు మార్చి మీట నొక్కాడు. బల్బు టక్కున ఆరింది.

"సూసినవా! ప్రోగ్రాంల తప్పే లేదు!" అని అరిచాడు.

లోపల చీకట్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది.