ఒడియా అయిపోయిన నా తెలుగు పుస్తకం

మాది బచేలి, హిందీ మాట్లాడే ఊరు. చిన్నప్పుడు నాన్న విశాఖపట్నం నుంచి తెచ్చిన బొమ్మల పుస్తకం ఇంకా నా దగ్గరుంది. అట్టా, చివరి పేజీలూ ఊడిపోయాయి. బావిలోకి దిగిన రాజకుమారుడు పైకొచ్చాడో లేదో నాకు తెలీదు. పేరు తెలిస్తే ఇంకో ప్రతి వెతుక్కోవచ్చని, పోయినేడాది జగదల్‌పూర్‌లో పాత కామిక్స్ సేకరించేవాళ్లు కలుస్తుంటే వెళ్లాను.

అక్కడ అందరికీ పెద్ద తివారీజీ. పుస్తకం తిరగేసి, "గుండ్రటి అక్షరాలు. ఒడియా" అన్నారు హిందీలో.

"తెలుగండీ, వినండి" అని ఒక పేజీ చదివాను.

"అరే వాహ్, మీకు ఒడియా కూడా వచ్చా?" అన్నారు. ఆయనతోపాటు అందరూ నవ్వారు. ఆయన పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన 'ఒడియా' అని రాసి, ఒడియా బల్ల మీద పెట్టించారు.

కాసేపటికి గేటు దగ్గర ఒకాయన ఫోన్లో తెలుగు మాట్లాడుతూ కనిపించాడు. "పాత తెలుగు కామిక్ ఒక్క పేజీ చూపిస్తే పేరు చెప్పేస్తాను గానీ, ఇక్కడ ఒక్కటీ లేదురా. ఒడియావి ఉన్నాయి, మనకెందుకు? బండికి టైమైంది, వచ్చేస్తున్నా."

నేను లోపలికి పరిగెత్తి, పుస్తకం వెతికి తెచ్చేసరికి ఆయన ఎక్కిన ఆటో మలుపు తిరిగిపోయింది.

తివారీజీ నా వెనకే వచ్చి, "కంగారు పడకండి మేడమ్. కోరాపుట్‌లో మా స్నేహితుడున్నాడు, ఒడియా చదివి పేరు చెప్తాడు" అన్నారు.

ఆయన మంచి మనసుతోనే అన్నారని మావారు అంటారు. కావచ్చు. నా భాష ఏదో నేను చెప్తే నవ్విన మనిషిని మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు.