దీపపు గొడుగుకు ఎనిమిది తాళ్లు

మొన్న టీవీలో నౌకాదళ విన్యాసాలు చూపిస్తుంటే, ఓడ మీది నుంచి ఎగిరిన వెలుగొకటి పైకి వెళ్లి, అక్కడే ఆగిపోయినట్టు కాసేపుండి, నింపాదిగా దిగడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరూ ఆ వెలుగును చూశారు. నేను మాత్రం దానిపైన కనీ కనిపించని తెల్లగుడ్డను, దాన్ని మోస్తున్న చిన్న పారాచూట్ గొడుగును చూశాను. అలాంటి గొడుగులకు తాళ్లు కోసిన చేతులు మా అక్కవి. ఆ అక్కే ఒకరోజు మేడ్చల్ దారిలోని ఒక చిన్న ఫ్యాక్టరీలో, నౌకాదళం తరఫున సరుకు పరీక్షించడానికి వచ్చిన అధికారి ముందుకు, ఎవరూ పిలవకుండానే వెళ్లి, యజమాని వింటుండగా, "తప్పు గుడ్డది గాదు సారూ, నాది" అంది.

అవి తొంభైల చివరి రోజులు. నేను ఒక దినపత్రికకు మేడ్చల్, శామీర్‌పేట వార్తలు రాస్తూ స్కూటర్ మీద తిరిగేవాణ్ణి. బావ పని పోయాక, సూరారంలో ఉండే అక్క ఇంట్లో జాకెట్లు కుట్టడం ఒక్కటే చాలక ఆ ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ అలాంటి దీపాలే తయారయ్యేవి. వాటిలో కాలే మందు కలిపే గదులు దూరంగా మట్టికట్టల నడుమ ఉండేవి. కుట్టుపని రేకుల షెడ్డులో. పత్రికవాణ్ణని నన్ను గేటు దాటనిచ్చేవారు కాదు కాబట్టి, నాకు తెలిసిందంతా అక్క నోట విన్నదే.

చీకట్లో సముద్రం మీద ఎవరినైనా వెతకాలంటే ఆ దీపాన్ని పైకి కాలుస్తారట. తగినంత ఎత్తుకు పోయాక గొట్టం విడిపోయి గొడుగు విచ్చుకుంటుంది, దాని కింద వేలాడే డబ్బాలోని మందు అంటుకుంటుంది. మెగ్నీషియం పొడి కళ్లు చెదిరేలా కాలుతుంది. దానికి కావలసిన ప్రాణవాయువును అందులో కలిపిన సోడియం నైట్రేటే ఇస్తుంది కనుక గాలి కోసం ఎదురుచూడదు. మందు కాలేకొద్దీ డబ్బా తేలికపడి, దిగడం ఇంకా నెమ్మదిస్తుంది. గొడుగు ఒరిగిందా, వెలుగు ఊగుతుంది, నీళ్ల మీద నీడలు పరుగెడతాయి, కనిపించేది అలో మనిషి తలో తెలియదు. మరీ వేగంగా దిగితే మందు మిగిలుండగానే నీళ్లలో పడి ఆరిపోతుంది. ఇదంతా అక్క, అన్నం వడ్డిస్తూ, గరిటె గాల్లో ఊపి చూపిస్తూ చెప్పేది.

ఆ గొడుగుకు ఎనిమిది తాళ్లు. ఒక్కో తాడూ కొలిచి కోయడం ఆలస్యమవుతోందని అక్కే ఒక చెక్కకు రెండు చివర్లా మేకులు కొట్టి, తాడును వాటి చుట్టూ చుట్టలుగా చుట్టి, ఒకేసారి కోసే పద్ధతి పెట్టింది. పని రెట్టింపైంది, యజమాని అందరి ముందూ మెచ్చుకున్నాడు. అది జరిగిన కొన్నాళ్లకు ఒక లాటు, అంటే ఒక విడత సరుకు, పరీక్షలో తప్పింది. నీళ్ల ట్యాంకు మీది నుంచి ఇసుక డబ్బాలు కట్టి వదిలిన గొడుగుల్లో కొన్ని పక్కకు ఒరిగి గిరగిరా తిరుగుతూ పడ్డాయి. గుడ్డ నాసిరకమని, అమ్మినవాళ్లదే తప్పని యజమాని అన్నాడు. అధికారి మరునాడు మళ్లీ వస్తానన్నాడు.

ఆ సాయంత్రం నేను సూరారం వెళ్లేసరికి అక్క లంగాలకు గుడ్డ కోస్తోంది. ఎనిమిది మడతలు ఒకేసారి కోస్తే పైదానికీ కిందిదానికీ తేడా వస్తుందని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కత్తెర అక్కడే ఆగిపోయింది. మేకుల మీద చుట్టు మీద చుట్టు పడేకొద్దీ పై చుట్టు పొడవవుతుంది. చివరికొచ్చేసరికి రెండు వేళ్ల తేడా. ఆ తాళ్లన్నీ కలిసిపోయి ఒకే గొడుగుకు పొట్టివీ పొడుగువీ పడుతున్నాయి. నెపం గుడ్డ మీదికి పోయింది కదా, ఊరుకొమ్మని నేను సలహా ఇచ్చాను. పని పోతే ఇల్లు ఎలా గడుస్తుందని అడిగాను.

"ఇంతకుముందొక లాటు గా చెక్క మీద కోసిందే పోయింది తమ్మీ. గది పాసయి ఓడ మీదికి ఎక్కింది. నీళ్లల్ల వడ్డోడు మీదికి జూస్తాంటే గది సక్కగ నిలవడక పోతే?" అంది.

మరునాడు చెప్పేసింది. షెడ్డులో తోటి ఆడవాళ్లు మండిపడ్డారు. "సదువుకున్న సార్లకు దొరకని తప్పు నీకే దొరికిందా అక్కా? ఇగ మా అందరి కంచాల మన్నే!" అని ఒకామె ఎత్తిపొడిచింది. అక్క కిరాణా కొట్టు నుంచి అరకిలో తూకపు రాళ్లు ఎనిమిది తెప్పించి, ఒక గొడుగుకు కావలసిన ఎనిమిది తాళ్లను ఒకే కొక్కేనికి పక్కపక్కన వేలాడదీసి, ఒక్కోదాని చివర ఒక్కో రాయి కట్టి, అన్నీ ఒకే లాగుడు మీద ఉండగా ఒకే గీత దగ్గర కోసింది.

ఆ లాటుకు తాళ్లన్నీ అలా మార్చాక, రెండు రోజుల తర్వాత ప్రహరీ బయట స్కూటర్ ఆపి నిలబడ్డాను. గోడ మీదుగా ట్యాంకు పైభాగం ఒక్కటే కనిపించేది. ఒకటి, రెండు, మూడు... తెల్లటి గొడుగులు నిటారుగా, తొందర లేకుండా దిగి గోడ వెనక్కి పోయాయి. ఒక్కటీ ఒరగలేదు. లాటు నిలబడింది, అక్క పని కూడా. రాళ్లతో కోసే ఆ పద్ధతిని పని కాగితంలో రాయించి వెళ్లాడట అధికారి. తోటివాళ్లు వారం తర్వాత పలకరించారు.

మా పత్రికలో తప్పు దొర్లితే, సవరణను లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో, ఎవరి కంటా పడనిచోట వేసేవాళ్లం. అక్క తన సవరణను పట్టపగలు, తనకు జీతమిచ్చేవాడి ఎదుట చెప్పుకుంది. ఆమె తమ్ముణ్ణని చెప్పుకోవడంలో నాకున్న గర్వం నా పేరుతో అచ్చయిన ఏ వార్తలోనూ లేదు.

ఇప్పుడు తాళ్లు యంత్రాలే కోస్తాయంటారు. ఆ షెడ్డున్న చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. బహదూర్‌పల్లి దాకా ఎక్కడ చూసినా కాలనీలే. మనిషి చేతికీ వస్తువుకూ మధ్య ఉండిన ఆ పూచీ ఇప్పుడెవరి దగ్గరుందో నాకు అర్థం కాదు. అంతకుముందే పాసై ఓడ ఎక్కిపోయిన ఆ లాటు నంబరును అధికారి తన పుస్తకంలో రాసుకోవడం అక్క కళ్లారా చూసింది. దాన్ని వెనక్కి తెప్పించారా అని, ఫ్యాక్టరీకి ఎవరొచ్చినా అడిగేది. అక్క పని మానేసే నాటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.