పదో రొట్టె ముక్క

రాయచోటి నుంచి కువైట్ వచ్చి అహ్మదిలో ఒక విదేశీ టీచరమ్మ ఇంట్లో పనికి కుదిరాను. ఇక్కడ ఇంటి యజమానురాలిని 'మామా' అనే పిలుస్తాం. మామా మహా పొదుపరి. వాడిన ఫాయిల్ పేపర్ కూడా కడిగి ఆరబెట్టేది. నేనూ ఆ బాపతే కాబట్టి మాకు బాగా కుదిరింది.

ఆమె భర్త చనిపోయిన ఏడాది, ఒకరోజు ఇల్లు తుడుస్తుంటే బీరువా వెనక కాగితంలో చుట్టిన రొట్టె ముక్క దొరికింది. మరిచిపోయిందేమోననుకున్నాను. పారేయలేక టీలో ముంచుకుని తినేశాను.

సాయంత్రం మామా కర్టెన్లు వేసి, కొవ్వొత్తి పట్టుకుని ఇల్లంతా వెతికింది. అలాంటి పొట్లాలు తొమ్మిది తీసింది. పదోదాని కోసం బీరువా దగ్గర మోకాళ్ళ మీద పాకుతుంటే నేను తిన్నది అదేనని అర్థమైంది. దొంగతనమని పోలీసులకు పట్టిస్తే నా గతేంటి?

"నేనే తింటి మామా! పారేసేకి మనసొప్పల్యా" అని ఏడ్చేశాను.

మామా నేల మీదే కూలబడింది. తాను యూదురాలినని, ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియనివ్వలేదని, పస్కా పండగకు ముందు ఇంట్లో ఉన్న రొట్టంతా వెతికి తీసేస్తారని, ఆ వెతుకులాట వట్టిది కాకూడదని ముందుగా పది ముక్కలు దాచిపెడతారని చెప్పింది.

"ఎప్పుడూ ఆయన దాచేవాడు, నేను వెతికేదాన్ని. ఈసారి రెండూ నేనే. నీ పుణ్యాన ఒక్క ముక్క కోసమైనా నిజంగా వెతికాను. వచ్చే ఏడాది నువ్వు దాచు" అంది.

ఆ ఏడాది రాకముందే జబ్బుచేసి మామా వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. మళ్ళీ కబురు లేదు.

ఇప్పటికీ రొట్టె ముక్క మిగిలితే ఎక్కడ దాచాలా అని ఒక్క క్షణం చుట్టూ చూస్తాను. వెతికే మనిషి లేదని గుర్తొచ్చి, టీలో ముంచుకుంటాను.