మా అత్తకు నాన్న నేర్పిన పోకర్

మా అత్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేది. ఇరవయ్యేళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు. నలభై ఎనిమిదో ఏట ఆమెకు పోకర్ మీద మనసు పడింది. నేర్పింది ఆమె సొంత అన్న, అంటే మా నాన్న.

మూడు నెలలు మా వంటింటి బల్ల మీద చొక్కా బొత్తాలే పందెం. "చేతికొచ్చిన రెండు ముక్కలూ బాగోకపోతే మొహమాటపడకుండా పడేయమ్మా. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు పడేయాల్సిందే," అనేవాడు నాన్న. "నీ వంతు ఆఖర్న వచ్చిందా, అందరూ ఏం చేశారో చూసి మరీ ఆడొచ్చు. ఎదుటివాడి చేతిలో ఏముందో ఆలోచించు. నీవి చూసుకుని మురిసిపోకు."

అత్తది ఓపికగల చెయ్యి. అన్నీ ఒంటబట్టించుకుంది.

తర్వాత నాన్నే ఆమెను తను ఆడే ఆదివారం మధ్యాహ్నాల ఆటకు తీసుకెళ్ళాడు. అక్కడ సెలూన్ ఆయన, బస్సు డ్రైవరు ఉండేవారు. ఆరు వారాలు అత్త ఓడుతూనే వచ్చింది. రెండు ఆసులొచ్చి పందెం పెంచితే అందరూ ముక్కలు పడేసేవారు. ఏమీ లేక బుకాయిస్తే ఎవరో ఒకరు నిలబడేవారు. "నా రాత అంతే," అని నవ్వేసేది.

ఒకరోజు సెలూన్ ఆయన కొత్త అద్దాల కోసం దుకాణానికొచ్చాడు. జాలిపడ్డాడో ఏమో, "అక్కా, మంచి ముక్కలొస్తే మీరు ఊపిరి బిగబడతారు, తెలుసా?" అన్నాడు.

"ఎప్పుడు కనిపెట్టారు?"

"నేనెక్కడ కనిపెట్టాను? మీ అన్నయ్యే చెప్పాడు. మీరింకా ఆటకి రాకముందే."

అత్త గొడుగైనా ముడవకుండా మా ఇంట్లోకి వచ్చేసింది. "చెప్పావా, అన్నయ్యా?"

నాన్న దాచలేదు. "ఆడమనిషి వద్దన్నారు వాళ్ళు. సులువుగా ఓడుతుందంటేగానీ ఒప్పుకోలేదు. నీకోసమేనమ్మా."

"నాకోసమైతే నాకూ చెప్పేవాడివి. ఆ ఆరు వారాలూ నువ్వూ నా మీద గెలిచావుగా?"

అత్త కళ్ళు తుడుచుకోవడం నేను మొదటిసారి చూశాను.

ఆ ఆదివారం మళ్ళీ వెళ్ళింది. చెత్త ముక్కలు పట్టుకుని కావాలనే ఊపిరి బిగబట్టి, ఉన్నదంతా పందెంలోకి నెట్టింది. బల్ల మీద పరిచిన ముక్కలతో కలిపి రెండు జతలున్నా నాన్న భయపడి పడేశాడు. అత్త తన ముక్కలు తిప్పి చూపించింది: ఏడూ, రెండూ. గెలిచింది కూడా తీసుకోకుండా లేచొచ్చేసింది.

తర్వాత దుకాణంలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళకు ఆట నేర్పి వాళ్ళతోనే ఆడుకుంది. నాన్నతో మాటలు మానలేదు. కానీ చిన్నదానికీ పెద్దదానికీ "అన్నయ్యనడిగి చెప్తా" అనే మనిషి, ఇల్లు మారిన సంగతి కూడా సామాన్లన్నీ సర్దుకున్నాకే ఆయనకు చెప్పింది.