చప్పుడు లేని బీన్స్ వేపుడు

ఆవిడ సిటీ బస్సులో కండక్టరు. వీధిలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ కండక్టరమ్మే. గొంతు అలాంటిది మరి! "ముందుకు జరగండి బాబూ" అని వెనక మెట్టు మీంచి ఒక్క కేక వేసిందంటే, డ్రైవరు పక్కన కూర్చున్న పెద్దమనిషి కూడా ఎక్కడికి జరగాలో తెలియక అటూ ఇటూ చూస్తాడు. అంతటి మనిషి ఒక్కరి ముందు మాత్రం గొంతు తగ్గించేది. మామగారి ముందు, అదీ వంట సంగతి వచ్చినప్పుడు.

మామగారు ఫ్యాక్టరీ క్యాంటీన్లో పెద్ద వంటవాడిగా పనిచేసి రిటైరైన మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. ఆవిడ కొత్త కోడలిగా వచ్చి మొదటిసారి బీన్స్ వేపుడు చేస్తే, అవి ఉడికీ ఉడికీ ఖాకీ రంగుకు తిరిగాయి. ఆయన కంచంలోకి చూసి, "ఏమ్మా, డిపోలో ఇచ్చిన యూనిఫాం గానీ మూకుట్లో పడిందా?" అన్నాడు. పాపం, ఆవిడ స్నానాల గదిలో తలుపేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మర్నాడు ఆయనే వంటింట్లోకి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మూత జోలికి పోకు. నూనె బాగా కాగనీ. ఆవాలు, జీలకర్ర చిటపటమన్నాక చితక్కొట్టిన వెల్లుల్లి, ఆ తర్వాతే బీన్స్. మంట పెద్దగా ఉండాలి. దించే ముందు ధనియాల పొడి, కారం, కాస్త నిమ్మరసం. పైన వేయించిన పల్లీలు. కొరికితే చప్పుడు రావాలమ్మా. రాలేదంటే అది వేపుడు కాదు."

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం బీన్స్ వేపుడే. బల్ల చివర కుర్చీలో ఆయన కూర్చుని ఒక ముక్క నోట్లో వేసుకునేవాడు. ఎవరూ కిక్కురుమనేవారు కాదు. కరకర చప్పుడు వినిపించాక ఆయన తలూపితే, అప్పుడు మిగతావాళ్ళు అన్నం కలుపుకునేవారు. ఆ తల ఊపు కోసం ఆవిడ వారమంతా ఎదురు చూసేదంటే నమ్మండి.

ఈమధ్య ఆయన పళ్ళు ఊడిపోయాయి. మిగిలిన రెండు మూడూ డాక్టరు పీకేశాడు. కట్టుడు పళ్ళు పెట్టించారు గానీ, చిగుళ్ళు ఒరుసుకుపోయి, "ఆ గుర్రప్పళ్ళు నాకొద్దు" అని తీసి డబ్బాలో పడేశాడు. అంతే, ఇక బల్ల దగ్గరికి రావడం మానేశాడు. గదిలో తలుపేసుకుని జావ తాగుతాడు. మాట్లాడాల్సి వస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంటాడు. అందరినీ దబాయించిన మనిషి అలా మొహం దాచుకుంటుంటే ఆవిడ చూడలేకపోయేది.

"కొన్నాళ్ళు పోతే ఆయనే వస్తాడులే" అన్నాడు ఆవిడ భర్త.

"మీకేం, ఎన్నయినా చెబుతారు. ఆయన తిట్టకపోతే నాకు వంట చేసినట్టే లేదండీ. మనిషిని చూడండి, ఎలా చిక్కిపోయాడో. ఇలా ఆ గదిలోనే ఉండిపోతాడేమోనని భయంగా ఉంది."

ఒక ఆదివారం ఆయన కోసం విడిగా మెత్తగా వండి, చిన్న గిన్నెలో పెట్టి గదిలోకి పంపింది. గిన్నె వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చింది. "నేనేమన్నా రోగినా, నాకు వేరే గిన్నె పెట్టడానికి?" అని లోపల్నుంచి కేక.

ఆవిడ ఊరుకునే రకమా! మరుసటి ఆదివారం ఒక ఉపాయం పన్నింది, భర్తకు కూడా చెప్పలేదు. మొగుడి కడుపులో మాట దాగదు. పొయ్యి సన్నగా పెట్టి, బీన్స్ మీద నీళ్ళు చిలకరించి, ఇన్నేళ్ళలో ముట్టుకోని మూత తెచ్చి మూకుడు మీద పెట్టేసింది. చూస్తూ చూస్తూ ఉండగానే పచ్చరంగు పోయింది. నేర్చుకున్న పనిని చేతులారా పాడుచేస్తున్నందుకు ప్రాణం ఉసూరుమంది. అయినా మెత్తబడేదాకా మూత కదిలించలేదు. వెల్లుల్లిని మెత్తగా నూరి వేసింది, కారం, ధనియాల పొడి సరిగ్గా వేసింది, నిమ్మకాయ పిండింది. పల్లీల డబ్బా మాత్రం తెరవలేదు. అప్పుడు బస్సు గొంతు తీసింది.

"అయ్యో అయ్యో, కొంప మునిగింది! వేపుడంతా ముద్దయిపోయింది!"

"ఇదేం కూరే బాబూ!" అన్నాడు బల్ల దగ్గర భర్త, మొహం చిట్లించి.

"నమిలే పనే లేదమ్మా, మింగెయ్యడమే" అంది కూతురు.

గది గడియ తీసిన చప్పుడైంది. మామగారు తువ్వాలు నోటికి పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఏంటీ గోల?"

"ఫోన్లో మాట్లాడుతూ మూత తియ్యడం మర్చిపోయా మావయ్యా."

"మూత పెట్టావా? నేను నేర్పిందంతా గాలికి వదిలేశావన్నమాట! ఇటు తే, చూస్తాను."

అని వచ్చి తన కుర్చీలో తను కూర్చున్నాడు. ఆవిడ వడ్డించింది. ఆయన తువ్వాలు చాటునే ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. చూస్తుండగానే కంచం ఖాళీ. కంచం ముందుకు జరిపితే ఆవిడ మళ్ళీ వడ్డించింది. ఆయన వేలితో కూరంతా కెలికి, "పల్లీలేవి?" అన్నాడు.

ఆవిడ కూర గిన్నె సర్దుతూ అంది, "అయిపోయాయి మావయ్యా."

"డబ్బా నిండా ఉన్నాయిగా! పొద్దున నేనే తిన్నాను" అంది కూతురు. పిల్ల నోరు అలాంటిది, తల్లి పోలికే.

ఆయన కోడలి మొహంలోకి చూశాడు. "మూత మర్చిపోయావు. పల్లీలు మర్చిపోయావు. వెల్లుల్లి వెన్నలా నూరడం మాత్రం గుర్తుంది. అవునా?"

ఆవిడ నోట్లో వేలు పెడితే కొరకలేనిదానిలా నిలబడింది. ఆయన ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఆ తలుపు ఇక తెరుచుకోదని తెలుసు. భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆయన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"చప్పుడు రావాలని అన్నది నేనే కదమ్మా. అప్పుడు పళ్ళున్నాయి, అన్నాను" అని నవ్వాడు. బోసినోరు దాచుకోకుండా, అందరి ఎదుటా నవ్వాడు. "రుచి కుదిరింది. రంగు మాత్రం మళ్ళీ మీ డిపో యూనిఫామే. బాగా సన్నగా తరిగితే పచ్చదనం పోకుండానే మెత్తబడతాయి. వచ్చే ఆదివారం నేను పక్కన నిలబడతా. వింటున్నావా?"

వింటున్నానని చెప్పబోయింది ఆవిడ. కళ్ళు తుడుచుకుని, ఊ అని మాత్రం అనగలిగింది.

"ఏంటా గొణుగుడు? బస్సులో కూడా ఇలాగే అంటావా?" అంటూ ఆయన కూర గిన్నె మొత్తం తన వైపు లాక్కున్నాడు.