ఎల్లయ్య పడవలో ముందు కూర్చున్నది నేనే

ఎల్లయ్య ఇక లేడని ఆయన కూతురు లక్ష్మి ఫోనులో చెప్పింది. ఎనభైల్లో మా కాలనీ వాళ్లను ఆదివారాలు సరూర్‌నగర్ చెరువులో పడవ మీద తిప్పిన మనిషి ఆయన. దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న రోజులవి. తలచుకుంటే ఇసుక లారీల చప్పుడూ చెరువు గాలీ కలిసే గుర్తొస్తాయి.

తెడ్లు వేసేవాడి ముఖం వెనక్కి ఉంటుంది. అందుకే ముందు కొసన ఒకరిని కూర్చోబెట్టందే ఎల్లయ్య కదిలేవాడు కాదు. "తొవ్వ నా ఎన్కల ఉంటది. మీ కండ్లే నా కండ్లు. ముచ్చట్లు ఒడ్డుకు పోయినంక పెట్టుకోండ్రి" అనేవాడు. ఏదైనా అడ్డొస్తే ఆ మనిషి చెయ్యెత్తాలి, ఆయన తెడ్లు ఆపేస్తాడు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, కబుర్లలో పడితే లేపి వెనక్కి పంపేవాడు. ఆ నిర్మొహమాటం నాకెంతో ఇష్టం.

నేను గోదావరి గట్టున పుట్టినదాన్ని. "పడవలు నాకు కొత్తా ఎల్లయ్యా? ముందు నేను కూర్చుంటాను" అని ఒక ఆదివారం గొప్పలకు పోయాను.

"గోదారి టీచరమ్మ ఉండంగ నాకేం ఫికర్?" అని నవ్వాడు.

చెరువు మధ్యకు రాగానే గట్టు అవతల మా కొత్త ఇంటి స్లాబు కనిపించింది. అద్దె ఇళ్లతో విసిగిన ప్రాణం కదా, "అదిగో మన స్లాబు!" అని మావారికి చూపిస్తూ వెనక్కి తిరిగాను. ఎదురొస్తున్న పడవను చూడలేదు. రెండూ గుద్దుకున్నాయి. అవతలి పడవలో ఒకావిడ నీళ్లలో పడిపోతే ఎల్లయ్యే దూకి పైకి తెచ్చాడు.

ఒడ్డున జనం ఆయన మీద విరుచుకుపడ్డారు. నేను నోరు తెరవబోతే, వద్దన్నట్టు తల ఊపాడు. "గలత్ నాదే. తెడ్లు నా చేతులనే ఉన్నయి గద" అన్నాడు. నేను ఊరుకున్నాను. పిరికితనం, అంతే. ఆ తర్వాత ఆయన పడవ ఎవరూ ఎక్కలేదు. గడ్డిఅన్నారం మార్కెట్‌లో పళ్ల బుట్టలు మోసి పిల్లల్ని పెంచాడు.

ఎన్నిసార్లు ఎదురైనా ఒక్క నిష్ఠూరం ఆడలేదు ఆ స్థితప్రజ్ఞుడు. "ఇల్లు మంచిగ కట్టుకున్నరా టీచరమ్మా?" అని మాత్రం అడిగేవాడు.

ఎల్లయ్య చూసుకోక పడవ గుద్దాడని మా కాలనీలో పాతవాళ్లు ఇప్పటికీ అంటారు. వాళ్లందరూ ఇది చదవాలి. ఆ రోజు చూడవలసినదాన్ని నేను. అంతటి ఉదాత్తుడు నాకిక తారసపడడు.

ఎల్లయ్యా, ఆనాడు ఎత్తవలసిన చెయ్యి, ఇన్నేళ్లకు నీకు మొక్కడానికి ఎత్తుతున్నాను.